కల్టివేట్: ఆ ఇంగ్లిష్ క్రియకు అర్థమేమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే మాటల్లో కల్టివేట్ ఒకటి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకు వచ్చే డిగ్రీ పిల్లలు దాన్ని 'సాగు చేయు' అని బట్టీ పట్టేస్తారు. ఆ తర్వాత ప్రశ్నపత్రంలో 'కల్టివేట్ ఎ హ్యాబిట్' అని కనబడితే అలవాటును సాగు చేయడమేమిటని ఆగిపోతారు. నా ఉద్దేశంలో ఈ మాటకు పునాది దున్నడంలో లేదు, దగ్గరుండి చూసుకోవడంలో ఉంది. అది ఒకసారి మనసుకు ఎక్కితే మిగతా అర్థాలు బట్టీ పట్టనక్కర్లేదు. వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను.

కల్టివేట్‌ను తెలుగులో ఏమనాలి?

నేల గురించైతే సాగు చేయడం, సేద్యం చేయడం. పంట గురించైతే పండించడం. అలవాటు, అభిరుచి, ఓర్పు లాంటివైతే అలవరచుకోవడం, పెంపొందించుకోవడం. మనుషులతో పరిచయమైతే పెంచుకోవడం. అన్నిచోట్లా ఒక్క తెలుగు మాటే వాడదామని చూడకండి. దాని పక్కనున్న కర్మ, అంటే ఆ పని దేనికి చేస్తున్నామో చెప్పే మాట, ఏమిటో చూసి తెలుగు మాట ఎంచుకోండి.

గ్రో అన్నా కల్టివేట్ అన్నా ఒకటే కదా?

కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

గ్రో అనే పని మొక్క తనంతట తాను చేయగలదు. కైలాసగిరి వాలు మీద వానాకాలం గడ్డి మొలుస్తుంది, పెరుగుతుంది. ఇంగ్లిష్‌లో దానికి గ్రో అంటాం. ఆ గడ్డిని ఎవరూ వేయలేదు, నీళ్లు పోయలేదు, కలుపు తీయలేదు, కాబట్టి అక్కడ కల్టివేట్ అనే మాటకు చోటే లేదు. కల్టివేట్ ఎప్పుడూ సకర్మక క్రియే. చేసే మనిషి ఉండాలి, చేయించుకునే నేలో పంటో ఉండాలి. 'చెట్టు కల్టివేట్ అవుతోంది' అన్న అర్థంలో దాన్ని వాడలేం.

తెలుగులో మనకు పెరుగు వేరు, పెంచు వేరు. పండు వేరు, పండించు వేరు. ఇంగ్లిష్‌లో గ్రో ఒక్కటే రెండు పనులూ చేస్తుంది: వరి పెరుగుతుంది అన్నా గ్రో, రైతు వరి పండిస్తాడు అన్నా గ్రో. అయితే ఈ రెండో వాడుక అంత పాతది కాదు. 'పంటను గ్రో చేయడం' అనే సకర్మక ప్రయోగం 18వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. పాత ఇంగ్లిష్‌లో 'గ్రోవన్' అనేది ముఖ్యంగా మొక్కలు పచ్చగా ఎదగడానికే వాడేవారు. గ్రాస్, గ్రీన్ అనే మాటలు కూడా ఆ కుటుంబానివే. మనుషులు, జంతువులు, చంద్రుడు పెరగడానికి 'వాక్స్' అనే వేరే క్రియ ఉండేది. ఇప్పటికీ శుక్లపక్ష చంద్రుణ్ణి 'వాక్సింగ్ మూన్' అనే అంటారు.

స్థాయిలో కూడా తేడా ఉంది. మేడ మీద కుండీల్లో టమాటా, గోంగూర వేసుకుంటే 'మేం గ్రో చేస్తున్నాం' అంటే హాయిగా ఉంటుంది. అక్కడ కల్టివేట్ అంటే తప్పు కాదు గాని బరువుగా వినిపిస్తుంది. పత్రికా వ్యాసంలో, ప్రభుత్వ నివేదికలో, పరిశోధన పత్రంలో ఆ మాట చక్కగా ఒదుగుతుంది. ఒకటి ఇంగ్లిష్‌కు పుట్టింటి మాట, ఇంకోటి లాటిన్ నుంచి వచ్చిన మాట కావడమే దీనికి కారణం. తెలుగులో సాగు, వ్యవసాయం అనే మాటల మధ్య మనకు తోచే తేడా కూడా కొంత ఇలాంటిదే.

ఈ మాట ఇంగ్లిష్‌లోకి ఎప్పుడు, ఎలా వచ్చింది?

17వ శతాబ్దం మొదటి భాగంలో. మధ్యయుగపు లాటిన్‌లో 'కుల్తివారె' అనే క్రియ ఉండేది. సాగైన నేలను 'కుల్తివుస్' అనే విశేషణంతో చెప్పేవారు, క్రియ దానిలోంచి పుట్టింది. ఆ విశేషణానికి మూలం 'కుల్తుస్', దానికి మూలం ప్రాచీన లాటిన్ క్రియ 'కొలెరె'. ఇంగ్లిష్‌లో మొదట నేల గురించే వాడారు. ఆ శతాబ్దం ముగిసేలోగా బుద్ధికి, నడవడికకు మెరుగు పెట్టడమనే అర్థం కూడా చేరింది.

కొలెరె అంటే దున్నడమేనా?

దున్నడం కూడా. కానీ అదొక్కటే కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

రోమన్లు 'అగ్రుమ్ కొలెరె' అంటే పొలం సాగు చేయడం. 'ఉర్బెమ్ కొలెరె' అంటే పట్నంలో కాపురముండడం. 'దెఒస్ కొలెరె' అంటే దేవతలను ఆరాధించడం. సేద్యానికీ, నివాసానికీ, పూజకూ ఒకే క్రియ. మొదటిసారి వింటే వింతగా ఉంటుంది. కానీ మూడింటిలోనూ మనిషి చేసేది ఏమిటో ఆలోచించండి: ఒకచోట నిలిచి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికి వెళ్లి, దానికి కావలసినవి చూడడం. పొలాన్ని అలా చూస్తే సేద్యం, ఇంటిని అలా చూస్తే నివాసం, దైవాన్ని అలా చూస్తే పూజ. మూడో అర్థం నుంచే ఇంగ్లిష్‌లో 'కల్ట్' అనే మాట వచ్చింది. మొదట దానికి ఆరాధన అనే అర్థం, ఇప్పుడు వినిపించే చెడ్డ అర్థం తర్వాతి కాలంలో అంటుకున్నది.

దీన్ని లాటిన్ వింత అనుకోవద్దు. మనకూ ఉంది. తెలుగులో కాచు అంటే కాపలా ఉండడం, రక్షించడం. చెట్టు కాయలు కాసినా అది కాపే, పొలం చేసుకునే రైతునూ కాపు అన్నారు, ఒకచోట స్థిరపడి బతకడం కాపురం. నిఘంటువులో కాపు దగ్గర అర్థాలన్నీ వరసగా చదివితే, కొలెరె అర్థాలు చాలావరకు మన ఇంట్లోనే దొరుకుతాయి. ఆ రెండు భాషలకూ రక్తసంబంధం లేదు. అయినా నేలను నమ్ముకుని బతికిన రెండు జనాలు, చూసుకోవడాన్నీ నివసించడాన్నీ పండించడాన్నీ పక్కపక్కనే పెట్టుకున్నాయి. నాకు ఈ విషయం చెప్పినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

కొలెరె, కొలుచు ఒకేలా వినిపిస్తున్నాయి. 'దేవుణ్ణి కొలవడం' అందులోంచే వచ్చిందా?

లేదు. చెవికి ఒకటిగా తోచడం యాదృచ్ఛికం. కొలుచు, కొలువు అచ్చ తెలుగు మాటలు, ద్రావిడ భాషా కుటుంబానివి. రెండు భాషల మాటలకు చుట్టరికం చెప్పాలంటే ఒక జంట సరిపోదు. ఒక భాషలోని ఫలానా ధ్వనికి ఇంకో భాషలో ఫలానా ధ్వని వస్తుందని చాలా మాటల్లో క్రమంగా కనిపించాలి. తెలుగుకూ లాటిన్‌కూ మధ్య అలాంటి క్రమం లేదు.

మరి చక్రానికీ కల్టివేట్‌కూ చుట్టరికం ఉందంటారే, అదీ వట్టిదేనా?

అది నిజం. ఇక్కడ క్రమం ఉంది.

1786లో కలకత్తాలో సంస్కృతం నేర్చిన ఇంగ్లిష్ న్యాయమూర్తి విలియం జోన్స్ ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని అన్నాడాయన. తర్వాతి పండితులు ఆ మూలభాష ధ్వనులను ఊహించి కట్టారు. అందులో 'క్వెల్' అనే ధాతువు, అంటే క్రియకు మూలరూపం, ఒకటి. తిరగడం, చుట్టూ మసలడం దాని అర్థం. ఆ 'క్వ' ధ్వని సంస్కృతంలో కొన్నిచోట్ల 'చ' అయింది. సంస్కృతంలో పంచ అంటే లాటిన్‌లో క్వింక్వె, ఇక్కడ చతుర్ అంటే అక్కడ క్వత్తువొర్. ల కూడా చాలాచోట్ల ర అయింది. అలా 'క్వెల్' సంస్కృతంలో 'చర్' అయింది. లాటిన్‌లో ఒకారం ముందు 'క్వ' లోని వకారం జారిపోయి 'కొల్' మిగిలింది. ఆ పాత ధ్వని పూర్తిగా పోలేదు. ఇంకొకరి చోట అద్దెకుండేవాడిని లాటిన్‌లో 'ఇన్‌క్విలినుస్' అంటారు, అందులో 'క్వ' అలాగే ఉండిపోయింది.

ఈ ధాతువునే రెట్టించి చక్రానికి పేరు పెట్టుకున్నారు. సంస్కృతంలో చక్రం, గ్రీకులో కుక్లోస్, ఇంగ్లిష్‌లో వీల్. గ్రీకు మాట నుంచి సైకిల్ వచ్చింది. బీచ్ రోడ్డులో పొద్దున్నే తొక్కే సైకిలూ, దాని చక్రమూ, పొలంలో చేసే కల్టివేషనూ ఒకే ఇంటి పేరువి.

ఆ 'చర్' నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు చూడండి: చరించు, సంచారం, ఆచారం, గోచరం. వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేవి రెండు. పరిచర్య, ఉపచారం. పరి అంటే చుట్టూ, ఉప అంటే దగ్గర. చుట్టూ తిరుగుతూ చేసే సేవ పరిచర్య. దగ్గరికి వెళ్లి చేసేది ఉపచారం. పూజలో షోడశోపచారాలు చేస్తాం, ఆస్పత్రిలో రోగికీ ఉపచారం చేస్తాం. తిరగడం నుంచి సేవకూ, సేవ నుంచి పూజకూ సంస్కృతం నడిచిన దారి, కొలెరె నడిచిన దారి పక్కపక్కనే ఉన్నాయి. కల్టివేట్‌కు మూలార్థం ఏమిటని ఎవరైనా పట్టుబట్టి అడిగితే నేను 'నేలకు పరిచర్య చేయడం' అంటాను. అలవాటుకు, స్నేహానికి, బుద్ధికి కూడా ఆ అర్థం సరిపోతుంది.

అయితే తెలుగు కూడా లాటిన్‌కు చుట్టమే కదా?

తెలుగులోని సంస్కృత పదాలు చుట్టాలు, తెలుగు కాదు. చక్రం, పరిచర్య మనం తెచ్చుకున్న తత్సమాలు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఇంగ్లిష్ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఆ వాదన అచ్చయింది.

మన ఎంవీపీ కాలనీలోని 'కాలనీ' కూడా ఇదే మాట అంటే నమ్మలేకపోతున్నాను.

నమ్మండి. లాటిన్‌లో సేద్యం చేసేవాడు 'కొలోనుస్'. కొత్త నేలకు వెళ్లి, పొలాలు పంచుకుని స్థిరపడిన రోమన్ల ఊరు 'కొలోనియా'. ఇంగ్లిష్‌లో అది కాలనీ అయింది. జర్మనీలోని కొలోన్ నగరం పేరు కూడా అక్కడిదే, ఒకప్పుడది రోమన్ కొలోనియా.

మన జిల్లాలోనే ఈ మాట రెండు ముఖాలూ చూడవచ్చు. భీమిలిలో డచ్చివాళ్ల పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 17వ శతాబ్దంలో వాళ్లు ఇక్కడికి వచ్చింది నాగలి పట్టడానికి కాదు, బట్టల వ్యాపారం లాంటి వాటి కోసం. అప్పటికే కాలనీ అనే మాట సేద్యం నుంచి దూరమై, పరాయి గడ్డ మీద పాగా వేయడం వైపు జరిగింది. లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ, రైల్వే న్యూ కాలనీ అన్నప్పుడు మనకు ఆ పరాయి పాలనా గుర్తురాదు, పొలమూ గుర్తురాదు. ఇళ్ల సముదాయం ఒక్కటే మిగిలింది. కొలెరెకు ఉన్న నివాసార్థం ఒక్కటే దాదాపు చెక్కుచెదరకుండా మన చిరునామాల్లో నిలిచింది.

కల్చర్, ఆక్వాకల్చర్, ల్యాబ్‌లో ఇచ్చే కల్చర్ రిపోర్ట్, ఇవన్నీ?

ఒకే తల్లి బిడ్డలు. కల్చర్ ఇంగ్లిష్‌లోకి కల్టివేట్ కంటే ముందే, 15వ శతాబ్దంలో, నేల సాగు అనే అర్థంతో వచ్చింది. బుద్ధికి ఆ మాటను వర్తింపజేసిన ఘనత రోమన్ వక్త, రచయిత సిసెరోది. క్రీస్తుపూర్వం 45లో ఆయన తత్వశాస్త్రాన్ని 'కుల్తురా అనిమి' అన్నాడు, అంటే మనసుకు చేసే సేద్యం. ఎంత బాగున్న పొలమైనా సాగు చేయకపోతే ఫలించనట్టే, చదువు లేని మనసూ అంతేనని ఆయన భావం. ఒక జనసమూహపు నమ్మకాలు, కళలు, ఆచారాలు అన్నీ కలిపి కల్చర్ అనే వాడుకకు 1871లో ఎడ్వర్డ్ టైలర్ అనే మానవశాస్త్రవేత్త ఇచ్చిన నిర్వచనం పునాది.

అగ్రికల్చర్ అంటే పొలం సాగు, హార్టికల్చర్ తోట సాగు, సెరికల్చర్ పట్టుపురుగుల పెంపకం, ఎపికల్చర్ తేనెటీగల పెంపకం. నీళ్లలో అయితే ఆక్వాకల్చర్, సముద్రంలో అయితే మారికల్చర్. విశాఖలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం పండుగప్ప లాంటి చేపలను సముద్రంలోనే పంజరాల్లో పెంచే పద్ధతి మీద పనిచేసింది. అది అక్షరాలా సముద్ర సేద్యం.

ల్యాబ్‌లో కల్చర్ అంటే రోగి నమూనాలోని సూక్ష్మజీవులను తగిన ఆహారం, తగిన వేడి ఇచ్చి పెంచడం. అవి పెరిగాకే ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. రిపోర్ట్ రావడానికి రెండు మూడు రోజులు ఎందుకని జనం విసుక్కుంటారు. పంట పెరగాలి కదా, అందుకు. పెరుగు తోడుకు కూడా ఇంగ్లిష్‌లో కల్చర్ అనే మాటే ఉంది. తోడు, చేమిరి అని మనకు అంతకంటే మంచి మాటలున్నాయి.

ఫలానా మనిషిని కల్టివేట్ చేశాడు అంటే పొగడ్తా, తిట్టా?

సందర్భాన్ని బట్టి. 'స్నేహాన్ని కల్టివేట్ చేశాడు' అంటే మంచిమాటే. స్నేహితుణ్ణో అధికారినో నేరుగా కర్మ చేసి 'అతన్ని కల్టివేట్ చేశాడు' అంటే, తనకేదో పని కావాలని మంచి చేసుకున్నాడనే ధ్వని ఉంటుంది. కావాలని చక్కదిద్దుకున్న పేరునూ, వేషాన్నీ చెప్పేటప్పుడు కూడా ఇలాంటి నీడ పడుతుంది. 'కల్టివేటెడ్ పర్సన్' అంటే మాత్రం చదువూ సంస్కారమూ ఉన్న మనిషి.

పిల్లల్ని, కోళ్లని, ఆవుల్ని కల్టివేట్ చేయవచ్చా?

వద్దు. పిల్లలకు బ్రింగ్ అప్, రెయిజ్. కోళ్లకు, పశువులకు రేర్, రెయిజ్. మేలుజాతి కోసం జత కట్టించడం బ్రీడ్.

ప్లాంట్, టిల్, ఫార్మ్: వీటి కథేమిటి?

ప్లాంట్ కూడా లాటిన్ నుంచే. 'ప్లాంతా' అంటే నాటే కొమ్మ, మొలక. అరికాలికీ ఆ భాషలో అదే మాట. మొలకను గుంటలో పెట్టి మడమతో మట్టి అదమడం నుంచి ఈ చుట్టరికం వచ్చిందని చెబుతారు. మొక్కకూ మన స్టీల్ ప్లాంట్‌కూ ఒకే మాట ఎలా అని విశాఖలో తప్పక అడుగుతారు. ప్లాంట్ క్రియకు ఒకచోట కదలకుండా పాతడమనే అర్థం ఉంది. 18వ శతాబ్దం చివర, పరిశ్రమ కోసం స్థిరంగా పాతుకున్న యంత్రాలనూ, ఆవరణనూ ప్లాంట్ అనడం మొదలైంది.

టిల్ పాత ఇంగ్లిష్ మాట. దాని తొలి అర్థం పాటుపడడం, కష్టపడి సాధించడం, తర్వాత దున్నడానికి స్థిరపడింది. మన కృషి సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడిచింది. సంస్కృతంలో కృషి అంటే దున్నడం. ఇప్పుడు తెలుగులో కృషి అంటే ప్రయత్నం.

ఫార్మ్ మూలంలో పంట లేదు, డబ్బుంది. లాటిన్ 'ఫిర్మా' అంటే ముందే ఖాయం చేసిన చెల్లింపు, కౌలు. తొలినాళ్లలో ఫార్మర్ అంటే పన్నుల వసూలును ఇజారాకు, అంటే గుత్తకు, తీసుకున్నవాడు.

పోడును ఇంగ్లిష్‌లో ఏమంటారు?

షిఫ్టింగ్ కల్టివేషన్. మన కొండల్లో, పాడేరు అరకు వైపు, గుట్ట వాలున చెట్లు నరికి కాల్చి, కొన్నేళ్లు పండించి, నేల సత్తువ తగ్గగానే ఇంకోచోటికి జరిగే సాగు పోడు. ఈ పదబంధం గురించి కాస్త ఆగి ఆలోచించాలి. కల్టివేషన్ మూలంలో ఉన్నది నిలకడ, షిఫ్టింగ్ అంటే కదలడం. అయితే పోడు చేసేవాళ్లు నేలను వదిలేసి పోయేవారు కాదు, అది కోలుకున్నాక మళ్లీ దాని దగ్గరికే వచ్చేవారు. తిరిగి రావడం 'క్వెల్' ధాతువులోనే ఉందని మరచిపోవద్దు. పోడుకు బదులుగా ప్రభుత్వ సంస్థలు కాఫీ తోటలను ప్రోత్సహించాయి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

కల్టివేటర్ అంటే మనిషా, యంత్రమా?

రెండూ. జనాభా లెక్కల్లో కల్టివేటర్ అంటే సాగుదారు. సొంత నేలైనా, ప్రభుత్వం నుంచి పొందినదైనా, ఇతరుల దగ్గర డబ్బుకో పంట వాటాకో తీసుకున్నదైనా సరే, దాని సాగు చూసుకునేవాడు. కూలికి వెళ్లేవారిని వ్యవసాయ కూలీలుగా వేరే వరసలో రాస్తారు. అంటే ఇక్కడ లెక్క యాజమాన్యానిది కాదు, సాగుది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఈ తేడా మీదే నిలబడింది. కౌలు రైతుకు భూమి మీద హక్కు రాదు, 11 నెలల కాలానికి పంట మీద హక్కు గుర్తిస్తూ పత్రం ఇస్తారు, దాని ఆధారంగా పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగవచ్చు. కల్టివేటర్ అనే మాట ఎవరికి వర్తిస్తుందన్నది ఇలాంటిచోట అన్నం పెట్టే ప్రశ్న. అందుకే దరఖాస్తులో రైతు, భూయజమాని, సాగుదారు అనే గళ్లను ఒకటిగా చదవవద్దని గట్టిగా చెబుతాను.

యంత్రమైతే, ట్రాక్టర్ వెనక తగిలించే వరస పళ్ల పనిముట్టు, మన గొర్రుకు ఇనుప తమ్ముడు. రోటావేటర్ అనే పేరు రోటరీ, కల్టివేటర్ అనే రెండు మాటలు కలిపి చేసిందే. ఇంగ్లిష్‌లో దాన్ని ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, పిల్లలకు చెప్పండి.

ఎలా పలకాలి?

కల్-టి-వేట్. ఒత్తు మొదటి 'కల్' మీద. కల్టివేషన్‌లో ఒత్తు 'వే' మీదకు జరుగుతుంది. రాసేటప్పుడు సీ, యూ, ఎల్, టీ, ఐ, వీ, ఏ, టీ, ఈ. చాలామంది 'కె'తో మొదలుపెడుతున్నారు.

నర్సరీ వాళ్లు కల్టివార్ అంటారు, అది అచ్చుతప్పా?

కాదు. కల్టివేటెడ్, వెరైటీ అనే రెండు మాటల ముక్కలతో అమెరికా వృక్షశాస్త్రవేత్త లిబర్టీ హైడ్ బెయిలీ 1923లో కూర్చిన పదం. అడవిలో సహజంగా ఏర్పడిన రకాన్ని వెరైటీ అని, మనిషి ఎంచుకుని నిలబెట్టుకున్న రకాన్ని కల్టివార్ అని శాస్త్రంలో వేరుచేస్తారు. వేసవిలో మన రైతుబజార్లకు వచ్చే సువర్ణరేఖ మామిడి ఒక కల్టివార్, బంగినపల్లి ఇంకొకటి. సువర్ణరేఖ తిని టెంక పెరట్లో నాటితే చెట్టు రావచ్చు, కానీ కాయ అదే రకం అవుతుందన్న నమ్మకం లేదు. అదే రకం కావాలంటే అంటుమొక్క కొనుక్కోవాలి.